నాటుకోడి పక్కన ఏ సీసా? షాంపేన్, ప్రొసెక్కో, నాసిక్ వైన్ల మధ్య ఎంపిక

శ్రీకాకుళంలో ‘వైన్స్’ అని బోర్డున్న షాపుకి వెళ్ళి “వైన్ ఉందా అన్నా?” అని అడిగి చూడండి. కౌంటర్ దగ్గరి కుర్రాడు ముందు నవ్వుతాడు. తర్వాత బ్రాందీ, విస్కీ వరసలన్నీ దాటి, పై అరలో ట్యూబులైటు పక్కన దుమ్ముపట్టిన రెండు సీసాలు చూపిస్తాడు. ఒకటి పోర్టు అనే తియ్యటి వైను, రెండోది ఎప్పటిదో ఎర్ర వైను. బోర్డు మీద పేరు దానిది, వ్యాపారం మిగతావాటిది.

నేను ఎనిమిదేళ్ళు ఒక క్రూయిజ్ ఓడలో, డైనింగ్ హాల్లో స్టూవర్డుగా చేశాను. మన జిల్లా వాళ్ళు ఓడలెక్కడం కొత్తేమీ కాదు కాబట్టి ఆ కథ వదిలేస్తాను. ప్యాసింజరు ముందున్న ప్లేటు చూసి గ్లాసులో ఏది పొయ్యాలో చెప్పడం మాత్రం అక్కడే నేర్చుకున్నాను. ఊరొచ్చేశాక పెళ్ళిరోజులకీ, డిసెంబరు 31కీ ఫోన్లు వస్తుంటాయి: “ఒరే, ఏ సీసా తెమ్మంటావు?”

మొన్న విజయనగరంలో మా అప్పా బావల ముప్పయ్యో పెళ్ళిరోజున ఐదు రకాలు ఒకే బల్ల మీద తెరిచే అవకాశం దొరికింది. మూడేళ్ళ కిందట మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో కొన్న అసలు షాంపేన్, బావ స్నేహితుడు తెచ్చిన ఇటలీ బుడగల వైను ప్రొసెక్కో, నేను విశాఖ నుంచి మోసుకొచ్చిన మహారాష్ట్ర నాసిక్‌ది బ్రూట్ అనే తీపి లేని బుడగల వైను, అదే నాసిక్‌ది షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైను, షిరాజ్ అనే ఎర్ర వైను. వంట అప్పది: వేయించిన పలాస జీడిపప్పు, రొయ్యల వేపుడు, నాటుకోడి, చేపల పులుసు, ఆవ పెట్టిన పనసపొట్టు, బొబ్బట్లు. మధ్యలో పిల్లలు తెప్పించిన కేకు. ఈ రాసేదంతా ఆ బల్ల మీద తేలిన లెక్క.

పొంగు ఎక్కడ పుట్టింది

బుడగలున్న ప్రతి వైనూ షాంపేన్ కాదు. పారిస్‌కి తూర్పున షాంపేన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ద్రాక్షతో, అక్కడి పద్ధతిలో చేసిన దానికే ఆ పేరు. ముఖ్యంగా మూడు ద్రాక్షలు వాడతారు: షార్డొనే, పినో న్వార్, మ్యూనియే. చివరి రెండూ నల్ల ద్రాక్షలే. తొక్క రంగు దిగకముందే మెల్లగా పిండేస్తే రసం తెల్లగానే వస్తుంది.

కల్లు తెలిసిన ఊళ్ళవాళ్ళం, పులియడం గురించి మనకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి నురగ కడుతుంది, సాయంత్రానికి పుల్లబడిపోతుంది. ఈస్టు తీపిని తినేసి మత్తునీ గ్యాసునీ వదులుతుంది. కుండ మూతి తెరిచే ఉంటుంది కాబట్టి గ్యాసు పోతుంది. షాంపేన్ చేసేవాళ్ళు ఒకసారి పులిసి వైనైపోయిన దానికి మళ్ళీ కాస్త పంచదార, ఈస్టు కలిపి సీసాలో పోసి మూత బిగించేస్తారు. రెండోసారి పులియడం ఆ సీసాలోనే. గ్యాసుకి దారి లేక వైనులోనే కరిగిపోతుంది. లోపల ఒత్తిడి ఐదారు అట్మాస్ఫియర్లు, అంటే కారు టైరులో ఉండే దానికి రెండింతల పైమాటే. గోలీసోడా కొట్టినట్టు కొడదామనుకునేవాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

పనైపోయిన ఈస్టు అడుగున మడ్డిలా దిగుతుంది. ఆ మడ్డితోనే సీసాని నెలల తరబడి పడుకోబెడతారు. మామూలు షాంపేన్ కనీసం 15 నెలలు, ఒకే ఏటి పంటతో చేసి లేబుల్ మీద సంవత్సరం వేసేదైతే మూడేళ్ళు సెల్లారులో ఉండాలి. అందుకే మంచి షాంపేన్ వాసన చూస్తే పండ్లతో పాటు బేకరీ గుర్తొస్తుంది: అప్పుడే కాల్చిన బ్రెడ్డు, వెన్న బిస్కెట్టు, వేయించిన పప్పు. ఆ మడ్డిని బయటికి తియ్యడానికి సీసాల్ని తలకిందులుగా చెక్కబల్ల కన్నాల్లో గుచ్చి, రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ మూతి దగ్గరికి దించుతారు. ఈ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో క్లికో అనే షాంపేన్ కంపెనీ సెల్లార్లలో కుదురుకుంది. 1805లో భర్త పోతే ఇరవయ్యేడేళ్ళకే వ్యాపారం చేతిలోకి తీసుకున్న మదాం క్లికో హయాం అది. ఆ సీసా మీద ఇప్పటికీ ‘వవ్ క్లికో’ అనే ఉంటుంది. వవ్ అంటే ఫ్రెంచిలో విధవ. మన దగ్గర శుభకార్యంలో ఆ మాట పలకనివ్వరు, అక్కడ పెళ్ళిళ్ళలో ఆ పేరున్న సీసాయే పొంగుతుంది.

ప్రొసెక్కో ఇటలీ ఈశాన్యం నుంచి వస్తుంది, ద్రాక్ష పేరు గ్లేరా. రెండోసారి పులిసేది సీసాలో కాదు, పెద్ద స్టీలు ట్యాంకులో. ఈస్టుతో సావాసం తక్కువ కాబట్టి బేకరీ వాసన రాదు, ఆపిలు, పియర్, తెల్లపూల వాసన వస్తుంది. ఇది లోపం కాదు. దాన్ని షాంపేన్‌కి చవక నకలు అనుకుంటేనే చిక్కు. స్పెయిన్ కావా మాత్రం సీసాలోనే పులుస్తుంది, కనీసం తొమ్మిది నెలలు. ఓడ బార్సిలోనాలో ఆగితే స్టాఫంతా తాగేది అదే. మన వైపు అరుదు.

మన నాసిక్‌వి చాలామంది ట్యాంకు సరుకనుకుంటారు. సూలా బ్రూట్, షాన్‌డాన్ బ్రూట్, గ్రోవర్ జంపా వాళ్ళ సొరే, మూడూ సీసాలో పులిసేవే. షాన్‌డాన్ అయితే మొయెట్ అండ్ షాన్‌డాన్ అనే పెద్ద షాంపేన్ పేరున్న కంపెనీవాళ్ళదే, ఇండియాలో 2013లో మొదలుపెట్టారు. ఫ్రాన్సులో ద్రాక్ష కోత ఎండలు తగ్గే వేళకి, నాసిక్‌లో మన సంక్రాంతి ముగ్గుల వేళకి. ఇక్కడ ఎండ ఎక్కువ కాబట్టి వైనులో పండు వాసన ముందుకొస్తుంది, పులుపు పదును కాస్త మొద్దుబారుతుంది. షాంపేన్‌కీ దీనికీ నాకు కనిపించే అసలు తేడా ఆ పదునే.

లేబుల్ మీద తీపి తిరకాసు

డ్రై అంటే తీపి లేనిది. మరి ఎక్స్‌ట్రా డ్రై అంటే? ఇంకా తక్కువ తీపి అనుకుంటాం. కాదు. బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల లోపు పంచదార, ఎక్స్‌ట్రా డ్రై అంటే 12 నుంచి 17 గ్రాములు. బ్రూట్ కంటే ఎక్స్‌ట్రా డ్రై తియ్యనన్నమాట. సెక్ 32 వరకు, డెమీ సెక్ 50 వరకు వెళ్తుంది. ఈ మాటలు స్పార్క్లింగ్ (బుడగలున్న) వైన్లకే ఇలా పనిచేస్తాయి.

మా బావ నాసిక్ బ్రూట్ మొదటి గుక్క తాగి “ఏటిరా ఇది, చింతపండు నీళ్ళా?” అన్నాడు. తప్పు ఆయనది కాదు. జీవితంలో తాగిన వైనల్లా గోవా నుంచి ఎవరో తెచ్చిన పోర్టు. అదే నాలుకకి ప్రొసెక్కో ఇస్తే (సీసా మీద ఎక్స్‌ట్రా డ్రై అనుంది) రెండో గ్లాసు తనే అడిగాడు. కొత్తవాళ్ళ ఇంటికి వెళ్తుంటే బ్రూట్ కొనకండి. ఎక్స్‌ట్రా డ్రై ప్రొసెక్కో గానీ, దొరికితే మొస్కాటో దాస్తి గానీ తీసుకోండి. రెండోదాంట్లో మద్యం 5 శాతం చుట్టూనే, తీపి ఎక్కువ, ముసలివాళ్ళూ ఇష్టంగా ఓ గుక్క వేస్తారు.

నాలుకకి తెలిసిన రుచులతోనే

ఓడలో మాకు రుచి చూడ్డం నేర్పినాయన గూస్‌బెర్రీ అనేవాడు, బ్లాక్ కరెంట్ అనేవాడు. నేను ఉద్దానం పిల్లాణ్ణి, అవేవీ చూసినవాణ్ణి కాదు. కొన్నాళ్ళు తల ఊపి, తర్వాత నా పట్టిక నేనే రాసుకున్నాను.

ఎర్ర వైనులో వగరు ఉంటుంది, టానిన్ అంటారు. దానికి మన గురువు జీడిమామిడి పండు. కొరికితే రసం తియ్యగానే దిగుతుంది, క్షణం ఆగి గొంతు పట్టేస్తుంది, నాలుక పిడచకడుతుంది. షిరాజ్‌లో వచ్చేదీ అదే, కాస్త మెత్తగా. పులుపుకి గుర్తు నాలుక కాదు, దవడల పక్కన నీళ్ళూరడం. చింతచిగురు నమిలినప్పుడు ఊరినట్టు ఊరితే పులుపు బాగుందని అర్థం. చిక్కదనానికి మజ్జిగ తేట ఒక కొస, గేదెపాలు ఇంకో కొస. ప్రొసెక్కో తేటకి దగ్గర, షిరాజ్ పాలకి దగ్గర. వాసనల్లో సావిన్యాన్ బ్లాంక్ తెల్ల వైనుకి కోసిన పచ్చిమామిడి, క్యాప్సికం. షెనిన్‌కి జామపండు, కొంచెం తేనె. షిరాజ్‌కి నేరేడు, మిరియాలు. మిరియాలన్నది పోలిక కోసం చెప్పిన మాట కాదు, మిరియంలో ఘాటిచ్చే వాసన పదార్థమే షిరాజ్ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది.

గ్లాసులో మూడో వంతే పొయ్యండి, మిగతా ఖాళీ వాసనకి. మామూలు వైనైతే గ్లాసు తిప్పండి, స్పార్క్లింగ్ అయితే తిప్పకండి, ఉన్న గ్యాసు పోతుంది. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిరగనిచ్చి మింగండి. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టండి. ఐదు అంకెల్లోపు మాయమైతే మామూలు సరుకు. పదిహేను దాటితే ఎవరు తెచ్చారో వాళ్ళకి ఇంకో బొబ్బట్టు వెయ్యండి.

ఏ కూరకి ఏది

అసలు ఎంపిక ఇక్కడ జరుగుతుంది. రంగు చూసో, ధర చూసో సీసా కొనేవాళ్ళకి మన వంట ఎదురు తిరుగుతుంది.

మొదటి దెబ్బ షిరాజ్‌కి తగిలింది. నాటుకోడికి ఎర్ర వైనని అందరూ అనుకున్నారు, నిజం చెప్పాలంటే నేనూ కాదనలేదు. అప్ప కారం సంగతి మర్చిపోయాను. కారానికి వగరూ, 13–14 శాతం మద్యమూ తోడైతే నోట్లో మంట రెట్టింపవుతుంది. రెండో ముక్కకే అందరూ మంచినీళ్ళకి లేచారు. అదే కూరకి కొంచెం తీపి ఉన్న షెనిన్ బ్లాంక్‌ని ఫ్రిజ్‌లోంచి చల్లగా తీసి పోస్తే మంట దిగి మసాలా రుచి పైకొచ్చింది. కారపు కూరకి చలవ కావాలి, కాస్త తీపి కావాలి, మద్యం తక్కువుండాలి. షిరాజ్‌ని మిరియాలు వేసి పొడిగా వేయించిన మేకమాంసానికి దాచుకోండి, అక్కడ అది రాజు.

చేపల పులుసు పక్కన ఎర్ర వైను పెట్టడమే పొరపాటు. చేప నూనెకి ఎర్ర వైను తగిలితే నోట్లో ఇనుప రుచి వస్తుంది. పైగా చింతపండు పులుపు ముందు పులుపు తక్కువున్న వైను నీళ్ళలా చప్పబడుతుంది. ఇక్కడ సావిన్యాన్ బ్లాంక్ అయితే సరిపోయేది, మా బల్ల మీద లేదు. ప్రొసెక్కో పరవాలేదనిపించింది.

రొయ్యల వేపుడుకీ జీడిపప్పుకీ మాత్రం బ్రూట్‌ని మించింది లేదు. నూనె, ఉప్పు, కరకర. పులుపూ బుడగలూ కలిసి నాలుక మీది జిడ్డుని కడిగేస్తాయి, మళ్ళీ మొదటి పలుకులా ఉంటుంది ప్రతి పలుకూ. ఉప్పు తగిలేసరికి వైనులో పులుపు కూడా మెత్తబడుతుంది. చింతపండు నీళ్ళన్న బావే జీడిపప్పు నమిలాక “ఇప్పుడు బాగుంది” అన్నాడు. ఓడలో ధనవంతులు షాంపేన్‌తో ఏవేవో చేపగుడ్లు తినేవారు. పలాస జీడిపప్పు గుళ్ళు నేతిలో వేయించి ఉప్పు చల్లుకుంటే వాళ్ళ కంటే మనమేం తక్కువ తినడం లేదు. వేడి పకోడీకీ ఇదే లెక్క. ఒక హెచ్చరిక: బుడగలు కొందరికి కారపు మంటని పెంచుతాయి. రొయ్యల్లో ఎండుకారం తగ్గించి మిరియం వెయ్యమని అప్పకి ముందే చెప్పాను.

ఆవ పెట్టిన పనసపొట్టు చిక్కు ప్రశ్న. ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంది, ఏ వైను వాసననీ తెలియనివ్వదు. షెనిన్ కొంతవరకు నిలబడింది, మిగతావన్నీ ఓడిపోయాయి. ఆ కూరని నేనైతే వైను తీసేముందే తినేస్తాను.

ఇక కేకు కోసి బ్రూట్ పొంగించడం. ఫొటోకి బాగుంటుంది, నోటికి బాగుండదు. తీపి తిన్న నాలుకకి తీపి లేని వైను పులిసిన నిమ్మనీళ్ళే. వైను ఎప్పుడూ స్వీటు కంటే తియ్యగా ఉండాలి. బొబ్బట్టుకైతే ద్రాక్షని చెట్టు మీదే బాగా పండనిచ్చి చేసే లేట్ హార్వెస్ట్ షెనిన్ గానీ, మొస్కాటో గానీ. లేకపోతే బ్రూట్ ముందే ఖాళీ చేసి, కేకు తర్వాత కొయ్యండి.

షోకేసులో షాంపేన్

అసలు షాంపేన్ సంగతి చెప్పలేదు కదూ. మూడేళ్ళూ అది హాల్లో షోకేసులో, ఏటికొప్పాక బొమ్మల పక్కన, ట్యూబులైటు కింద నిలబడి ఉంది. పైన మూడు వేసవులు. వచ్చినవాళ్ళందరికీ చూపించారు. ఆ రోజు తెరిస్తే చప్పుడు బలహీనంగా వచ్చింది, రంగు ముదిరి గోధుమ తిరిగింది, కోసి వదిలేసిన ఆపిలు ముక్క వాసన. మేనల్లుడు వీడియో కాల్‌లో చూస్తున్నాడు కాబట్టి అందరం “అబ్బో” అన్నాం. తర్వాత నాసిక్ బ్రూట్ వైపు జరిగాం. నాలుగు రెట్ల పైగా ధర పలికే సీసాని, పది రోజుల కిందట కొని ఫ్రిజ్‌లో పడుకోబెట్టిన సీసా ఓడించింది.

షాంపేన్ తక్కువదని కాదు. ఓడలో తాజా సీసాలు పోసినవాణ్ణి, ఆ పదునూ, మింగాక నిలిచే ఆ రుచీ నాసిక్‌లో ఇంకా రాలేదు. కానీ సంవత్సరం వెయ్యని మామూలు షాంపేన్ కంపెనీ వదిలేసరికే తాగడానికి సిద్ధంగా ఉంటుంది. దాచితే బంగారంలా పెరగదు. ఎండా వెలుతురూ దాని శత్రువులు. దిగుమతి వైన్ల మీద ఏళ్ళ తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉండటంతో షాపులో ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకే విదేశం నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకోవడం మేలు. ఒక్కొక్కరికి రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోనిస్తారు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. వచ్చిన నెలలోనే తెరిచే పండగ లేకపోతే షాంపేన్ తేవద్దని చెప్పండి, ఇంకేదైనా తెమ్మనండి.

ఒకసారి నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. ఒక షాపులో కిటికీ ఎండ తగిలే అరలోంచి ఎర్ర వైను కొన్నాను. బిరడా అర అంగుళం పైకి పొడుచుకొచ్చి ఉంది, చూసి కూడా కొన్నాను. లోపల ఉడికిన జామ్. అప్పట్నుంచి బిరడా పొడుచుకొస్తే, సీసా భుజం దాకా వైను దిగిపోతే కొనను. తెరిచాక తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం ఎండ తప్పు కాదు, బిరడా తెగులు. అది ఎవరి చేతుల్లోనూ లేదు. విశాఖ నుంచి తెచ్చుకునేవాళ్ళు సీసాని డిక్కీలో వెయ్యకుండా ఏసీ తగిలే సీటు కింద పెట్టుకోండి.

మరి ఏది కొనాలంటే, మన ఇంటి భోజనానికి, పదిమందికి ఒకే ఒక్క రకం కొనమంటే నేను కొనేది షెనిన్ బ్లాంక్. రెండు రకాలకి డబ్బుంటే దానికి తోడు నాసిక్ బ్రూట్, కూర్చోగానే జీడిపప్పుతో. తీపి ఇష్టపడేవాళ్ళు ఎక్కువుంటే బ్రూట్ బదులు ప్రొసెక్కో. ఎర్ర వైను చలికాలంలో, మేకమాంసం ఉన్నప్పుడే. షాంపేన్ నలుగురికి మించని రోజున, పెద్ద వంటలేవీ లేకుండా.

చల్లదనం మర్చిపోతే ఇదంతా దండగ. స్పార్క్లింగ్ 6 నుంచి 10 డిగ్రీలు, తెల్లది ఆ పైన కొంచెం, ఎర్రది 16 చుట్టూ. ‘ఎర్ర వైను రూమ్ టెంపరేచర్‌లో తాగాలి’ అన్నది యూరప్ గదుల మాట, మే నెలలో మన హాలు గురించి కాదు. ఎర్రదాన్నీ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఐసు ముక్కలూ ఉప్పూ నీళ్ళూ వేసిన బకెట్‌లో స్పార్క్లింగ్ ఇరవై నిమిషాల్లో సిద్ధమవుతుంది. తీగ విప్పినప్పట్నుంచి బొటనవేలు బిరడా మీంచి తియ్యకండి. సీసాని ఏటవాలుగా, మనుషుల్లేని వైపు పట్టుకుని, బిరడా గట్టిగా పట్టి సీసానే మెల్లగా తిప్పండి. ‘ఠప్’ కాదు, ‘ఉస్స్’ రావాలి. వెచ్చటి సీసా అయితే సగం సీలింగ్‌కే.

ఒక సీసా స్పార్క్లింగ్ ఆరుగురికి ఒక్కో గ్లాసు వస్తుంది, మామూలు వైను ఐదుగురికి. మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో. బుడగలు మర్నాటి వరకు, షిరాజ్ మూడు రోజుల వరకు. మూతిలో చెంచా వేస్తే గ్యాసు నిలుస్తుందన్నది వట్టి మాట. ఎర్ర వైను తాగితే రంగు వస్తుంది, గుండెకి మంచిదని మా పిన్ని వాదించింది. మద్యం ఎంత తక్కువైనా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే అంది, కాబట్టి తాగేది రుచికే. మన రాష్ట్రంలో 21 నిండనివాళ్ళకి అదీ లేదు. ఆ రాత్రి కారు తోలుకుని శ్రీకాకుళం వెళ్ళాల్సింది నేనే కనుక, ప్రతి సీసాలోంచీ ఒక్కో గుక్క నోట్లో తిప్పి ఉమ్మేశాను. ఓడలో రుచి చూసేవాళ్ళందరూ చేసేదదే. వాష్‌బేసిన్ దగ్గర నన్ను చూసి అప్ప మాత్రం కూరలో ఏదో తేడా చేసిందనుకుని కంగారుపడింది.